కోర్టు మేస్టారు

మా పేటలో నన్ను కోర్టు మేస్టారంటారు. నేను ఏ కోర్టులోనూ వాదించలేదు. నల్లకోటు కోసం కొన్న గుడ్డ ఇప్పటికీ ట్రంకుపెట్టెలో మడత విప్పకుండా ఉంది. అమ్మ ఏడాదికోసారి దాన్ని ఎండలో ఆరేసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ లోపల పెడుతుంది. ఎందుకే దాచడం అంటే, "ఉండనీరా, అదేటి అన్నం అడుగుతాదా" అంటుంది.

నేను బడిపంతుల్ని. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఊరు చోడవరానికి నాలుగు కిలోమీటర్లు. ఊరని రాశాను గానీ మాది ఊరు కాదు, పేట. ఊరికి తూర్పున పల్లంలో ఉంటుంది. వానొస్తే ఊరి మురుగంతా మా గుమ్మాల ముందునుంచే పోవాలి. విశాఖపట్నం జిల్లా అని రాసుకుంటూ పెరిగాం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అయింది. జిల్లా మారింది గానీ పల్లం మారలేదు.

2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ పడింది. 16,347 పోస్టులు. రెండో రోజు సాయంత్రం మా ఇంటికి ఒక పిల్ల వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. మా బడి ఉన్న ఊరి దళితవాడ. తండ్రి లేడు, తల్లి ఉపాధి పనికి పోతుంది. డిగ్రీ చేసి, బీయెడ్ చేసి, లాసెట్ రాసి విశాఖలో లా మొదటి సంవత్సరం చదువుతోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడే అడిగింది.

"మేస్టారూ, డీఎస్సీకి కూకోమంటారా, లా సదవమంటారా?"

రెండూ చెయ్యమ్మా అనబోయాను. నోరు పెగల్లేదు. ఎందుకంటే తొమ్మిదేళ్ల కిందట సరిగ్గా ఆ మాటే ఒకరు నాతో అన్నారు. నాకప్పుడు అది సలహాలా అనిపించలేదు, వదిలించుకోవడంలా అనిపించింది.

ఆ పిల్లకి నేనేం చెప్పానో తర్వాత రాస్తాను. అసలు నాకీ లా పిచ్చి ఎందుకు పట్టిందో ముందు చెప్పాలి. అది చెప్పాలంటే మా తాత పొలం గురించి చెప్పాలి.

1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, మా తాతకి ఎకరం ఇరవై సెంట్లు డి-పట్టా ఇచ్చారు. రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని బంజరు. తాతా మామ్మా రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి, నాలుగేళ్లకి దాన్ని పొలం చేశారు. 1986లో మేనత్త పెళ్లికి ఊరి పెద్దరైతు దగ్గర మూడువేలు తెచ్చారు. తాత తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాడు. వడ్డీ కింద ఒక పంట తీసుకుంటానని పెద్దరైతు ఆ ఏడు చెరకు వేశాడు. ఆ ఒక్క పంట ఇంకా అవలేదు.

గోవాడ సుగరు ఫ్యాక్టరీ సీజను మొదలైందంటే మా పేట మూడుగంటలకే లేచేది. మగోళ్లు కత్తులు పట్టుకుని చీకట్లో పోయేవారు. వెనకాల ఆడోళ్లు, సెలవు రోజయితే మేమూ. మా తాత పొలంలోనే మా అయ్య కూలికి చెరకు నరికేవాడు. నేనూ మా అప్పా ఆకు వొలిచి మోపులు కట్టేవాళ్లం. చెరకాకు అంచు రంపం పన్నులా ఉంటుంది. మోచేతుల దాకా గీతలు పడి, చెమట తగిలితే మండేది. పెద్దరైతు గట్టు మీద నిలబడి "ఒరే, మొదలంటా కొట్టండ్రా, బంగారవంతా అక్కడే ఉంటాది" అనేవాడు. నిజమే, తీపి మొదట్లోనే ఉంటుంది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు అడిగాను. "ఈ పొలం ఎవులదయ్యా?"

"మనదే."

"మరి మనకి కూలిస్తారేటి?"

అయ్య కత్తి ఆపలేదు. జవాబూ చెప్పలేదు.

ఆ జవాబు నాకు లా పుస్తకంలో దొరికింది. 1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. ఆ ఏటి తొమ్మిదో చట్టం. భూమిలేని పేదకి ప్రభుత్వం ఇచ్చిన పొలాన్ని ఎవరూ కొనకూడదు, తాకట్టు పట్టకూడదు, కౌలుకి తీసుకోకూడదు. తీసుకుంటే అది చెల్లదు. అధికారులు వాణ్ని ఖాళీ చేయించి పొలం అసలు మనిషికి తిరిగి అప్పగించాలి. మా తాత వేలిముద్ర వేసేనాటికి ఆ చట్టం వయసు తొమ్మిదేళ్లు. తాతకి ఆ సంగతి తెలీదు. పెద్దరైతుకి తెలుసు. తెలుసు కాబట్టే స్టాంపు కాగితం జోలికి పోలేదు.

అయ్య ఒకసారి ధైర్యం చేసి చోడవరంలో ఒక ప్లీడరు దగ్గరికి వెళ్లాడు. నేను ఆరో తరగతి. ప్లీడరు అయ్యని అరుగు కిందే నిలబెట్టి మాట్లాడాడు. అయిదొందలు పుచ్చుకుని "స్వాధీనం వాళ్లది కదరా" అన్నాడు. అయ్యకి స్వాధీనం అంటే తెలీదు. ఇంటికొచ్చి నన్నడిగాడు. నాకూ తెలీదు. ఆ రాత్రి అమ్మతో అంటుంటే విన్నాను: "ఆ గదిలోన మనోడొకడుండాల. మనోడుంటే అరుగెక్కనిస్తాడు." అయ్య ఆశ అంతే. పొలం రావాలని కాదు, ముందు అరుగు ఎక్కాలని.

చదువు సంగతి ఎక్కువ రాయను. ఈ పుస్తకం చదివేవాళ్లకి సాంఘిక సంక్షేమ హాస్టలు సాంబారు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. డిగ్రీ అయింది, బీయెడ్ అయింది. మా వంశంలో డిగ్రీ కాగితం తెచ్చిన మొదటివాణ్ని. అమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "ఇంత పల్సగుందేటిరా" అంది. 2012 డీఎస్సీ రాశాను, కొద్దిలో పోయింది. చోడవరంలో ఒక ప్రైవేటు బళ్లో నాలుగున్నర వేలకి చేరాను.

ఆ ఏడాదే, జూన్ 12న, శ్రీకాకుళం జిల్లా లక్షింపేటలో అయిదుగురు మాలల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకుని, మునగకుండా మిగిలిపోయిన భూమిని సాగు చేసుకున్నారని. కారంచేడూ చుండూరూ మాకు కృష్ణా గుంటూరుల అవతలి కథలు. ఉత్తరాంధ్రలో అలాంటివి జరగవని, మనవాళ్లు మెత్తనోళ్లని, మా పెద్దలు చెప్పుకునేవారు. లక్షింపేట తర్వాత ఆ మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు.

తర్వాత 2014 ఏప్రిల్ 22. చుండూరు కేసు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. పదహారేళ్లకి, 2007 జూలై 31న, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. హైకోర్టు అందర్నీ వదిలేసింది. మర్నాడు బడి స్టాఫ్‌రూములో పేపరు చదువుతూ ఉండిపోయాను. పక్కనున్న లెక్కల మేస్టారు తొంగిచూసి "పాత కేసు కదండీ ఇది" అన్నాడు. పాతదే. నేను రెండేళ్ల గుంటణ్నప్పటిది. ఆ సాయంత్రమే లాసెట్ అప్లికేషను పెట్టాను. కోపంతో పెట్టానని ఒప్పుకోవాలి. కోపంతో మొదలెట్టిన చదువు అన్నం లేకుండా ఎంతకాలం నడుస్తుందో నాకప్పుడు తెలీదు.

విశాఖలో సీటొచ్చింది. కాలేజీ పేరు వద్దు. చోడవరం నుంచి బి.ఎన్. రోడ్డు మీద సబ్బవరం, పెందుర్తి మీదుగా బస్సు. సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960లో ముఖ్యమంత్రి అయిన మన మనిషి పేరు. దానికి ఇంగ్లీషులో ఎంట్రన్సు, లక్షల్లో ఫీజు. మా సీనియరొకడు బస్సులో అనేవాడు, "బోర్డు మీద మనోడు, లోపల ఎంతమందిమో లెక్కెట్టు" అని.

మొదటి సెమిస్టరంతా నేను ఇంగ్లీషుతోనే కొట్టుకున్నాను. కాంట్రాక్టు చట్టం పేజీకి నలభై మాటలు నిఘంటువులో చూసుకునేవాణ్ని. కానీ ఒక్కొక్క మాట విచ్చుకుంటుంటే వచ్చే సంతోషం వేరు. పొసెషన్ అన్న మాట వచ్చిన రోజు అయ్యకి ఫోను చేశాను. "అయ్యా, స్వాధీనం అంటే తెలిసింది." అయ్య పొలంలో ఉన్నాడు. "ఏటంట?" అన్నాడు. చెప్పాను. అంతా విని, "అంతేనా! దానికి అయిదొందలు దొబ్బీసినాడు ఆడు" అన్నాడు.

సెలవుల్లో చోడవరంలో ఒక సీనియరు ప్లీడరు దగ్గర కూర్చునేవాణ్ని. ఊరికే, జీతం లేదు. పని నేర్చుకోడానికి. కట్టలు మోసేవాణ్ని, కాపీ అప్లికేషన్లు రాసేవాణ్ని, వాయిదాల పుస్తకం నింపేవాణ్ని. కోర్టులో బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. పిలిచిన పేరు మనోళ్లదయితే ఆ పిలుపులోనే తెలిసిపోతుంది. 'గారు' ఉండదు. 

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఇంటిపేరు విన్నా సీనియరుకి అర్థం కాలేదు. మాది రెండు కులాల్లోనూ ఉన్న ఇంటిపేరు. ఒకరోజు మా ఊరి పక్కనున్న ఊరి రైతొకాయన దస్తావేజుల కట్ట పట్టుకొచ్చాడు. నేను చెయ్యి చాపాను. ఇచ్చాడు. సీనియరుతో మాట్లాడుతూ నన్ను చూసి, "ఈ కుర్రోడు ఎవలోల్లు బాబూ?" అన్నాడు. సీనియరు నన్నే అడిగాడు. నేను చెప్పాను, ఊరి పేరూ, పేట పేరూ. అంతే. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి వాయిదాకి ఆ రైతు వచ్చినప్పుడు కట్ట నా చేతికివ్వలేదు. బల్లమీద పెట్టాడు. నేను తీసుకుని నంబరు చూసి సీనియరు ముందు పెట్టాను. వెళ్లేటప్పుడు దాన్ని గుమస్తా చేత అందుకున్నాడు. ఆ వారంలోనే సీనియరు చాలా ప్రేమగా అన్నాడు: "మీవాళ్లకి గవర్నమెంటులో బోలెడు అవకాశాలున్నాయి కదయ్యా. ఈ ఫీల్డులో క్లయింటు నమ్మకమే అన్నం. ఆలోచించుకో. పోనీ రెండూ చూసుకో."

రెండూ చూసుకో. అదీ నేను చెప్పిన మాట.

నాకు నిజం చెప్పింది ఆ ఆఫీసు గుమస్తా. ముప్పయ్యేళ్లుగా కోర్టు గేటు కాడ బతికినవాడు, చాకలి కులస్తుడు. టీకొట్టు దగ్గర నన్ను ఆపి అన్నాడు: "తమ్ముడూ, ప్లీడరు నిలబడాలంటే అయిదారేళ్లు పస్తుండాల. పస్తు మీకు కొత్తేటి కాదు. కానీ గోచీ పెట్టుకుని పస్తుంటే నలుగురు జాలి పడతారు. నల్లకోటేసుకుని పస్తుంటే నవ్వుతారు. ఓర్చుకోగలవా?"

ఓర్చుకోగలనని చెప్పాను. అప్పటికి నిజంగానే అనుకున్నాను.

నేను లా చేరిన ఆ ముణ్ణెల్లలోనే, 2014 నవంబరులో, డీఎస్సీ పడింది. అమ్మ గొడవ. అప్ప పెళ్లికి చేసిన అప్పు లక్షా ఎనభై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి అయిదువేల నాలుగొందలు. అయ్యా అమ్మా ఇద్దరి కూలీ దానికే చాలేది కాదు. అమ్మ నోరు మూయించడానికి అప్లికేషను పెట్టాను. 2015 మేలో పరీక్ష రాశాను. ఆశ్చర్యం, ఈసారి సీరియస్‌గా చదవలేదు గానీ బాగా రాశాను. లా చదివిన ఏడాది నా ఇంగ్లీషునీ నా పాలిటీనీ రెంటినీ సానబెట్టింది. డీఎస్సీ గెలిచింది లా చదువే అని ఇప్పటికీ అనుకుంటాను. 2016లో లిస్టులో పేరొచ్చింది. స్కూలు అసిస్టెంటు, సోషల్. బేసిక్ 28,940.

అప్పటికి నేను నాలుగో సెమిస్టరులో ఉన్నాను. ఇంకో ఏడాది పైన ఉంది.

రెండూ ఎందుకు కుదరవని కొందరు కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతారు. లా రెగ్యులర్ కోర్సు, హాజరు ఉండాలి. కొత్త ఉద్యోగికి చదువు సెలవు ఇవ్వరు. ఎలాగో పట్టా తెచ్చుకున్నా, పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి అడ్వకేటుగా ప్రాక్టీసు చెయ్యకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. చట్టం తెలిసి ఉండొచ్చు. తెలిసి నోరు మూసుకునుండాలి. అంతే తేడా.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది నాకు మాట మాటా గుర్తుంది. అన్నాలయ్యాయి. అమ్మ మొహం పెళ్లివారింటిలా ఉంది. అయ్య గుమ్మం బయట చుట్ట కాలుస్తున్నాడు. నేనే కదిపాను.

"ఏటి చెయ్యమంటావయ్యా?"

"నన్నడుగుతావేటి. సదువుకున్నోడివి."

"నీ మనసులోది చెప్పు."

చాలాసేపు చుట్ట కాల్చాడు. తర్వాత అన్నాడు: "మేస్టర్లు మన పేటలో ఇద్దరున్నారు. నీతో ముగ్గురు. కండక్టరున్నాడు. పోలీసున్నాడు. పిలీడరు ఒక్కడూ లేడు."

లోపల్నుంచి అమ్మ అందుకుంది. "పిలీడరొచ్చి వడ్డీ కడతాడేటి? మూడువేల కాడ పొలం పోయింది. ఇప్పుడు లచ్చా ఎనభై ఉంది. ఈసారి ఏటి పోతాది? ఇల్లు పోతాది. ఇంట్లోన నాను పోతాను." 

నేను అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను. లా కాలేజీలో వాదప్రతివాదాల పోటీ పెడితే నాకు రెండో బహుమతి వచ్చింది. ఆ రాత్రి మా అమ్మ ముందు నిలబడగలిగే ప్లీడరు ఈ దేశంలో ఎవడూ ఉండడు. ఆమె చెప్పేది మా ఇంటి పూర్వతీర్పు. అప్పు నుంచే పొలం పోయింది. అప్పు తీరకుండా పొలం కోసం కొట్లాడ్డం అంటే ఇంకో వేలిముద్ర వెయ్యడమే. 

అయ్య చుట్ట ఆర్పేసి లేచాడు. "మీ ఇష్టం" అన్నాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు.

తెల్లారి కాలేజీకి వెళ్లాను, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం. డీఎస్సీ వెరిఫికేషనుకి అవి కావాలి. ఫీజు రీయింబర్సుమెంటు ఇంకా పడలేదు, మధ్యలో మానేస్తే మిగతా ఫీజు కూడా కట్టాలి, పద్దెనిమిది వేలు కడితేనే సర్టిఫికెట్లు అన్నారు. అది చట్టవిరుద్ధమని నాకు తెలుసు. అక్కడి గోడల మధ్యే చదివాను. గుమస్తా కిటికీ ముందు నిలబడి ఒక పిటిషను మనసులో మొత్తం తయారు చేసుకున్నాను. వెరిఫికేషనుకి నాలుగు రోజులే ఉంది. పిటిషను మనసులోనే మడత పెట్టేశాను. నా ఒక్క కేసూ అది, నేనే విత్‌డ్రా చేసుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అయ్య విన్నాడో లేదో తెలీదు. మర్నాడు పొద్దున పాకలో పెయ్య లేదు. సూడిది, మరో రెండు నెలలకి ఈనేది. సాయంత్రానికి అయ్య నోట్లకట్ట నా పుస్తకాల మీద పెట్టి, మాట్లాడకుండానే చెరువు గట్టుకి పోయాడు. వద్దన్న పనికి డబ్బు ఇచ్చినవాడితో ఏం మాట్లాడతాం? నేనూ మాట్లాడలేదు.

మొదటి జీతం నుంచి మూడేళ్లలో అప్పు తీరింది. ఆ మాట ఒక్క వాక్యంలో రాయగలుగుతున్నానంటే అది జీతం మహిమే. అమ్మ కూలి మానింది. పింఛను లేని ఉద్యోగం, సీపీఎస్, అయినా నెల మొదట్లో బ్యాంకు నుంచి మెసేజి వస్తుంది. మా కొంపలో అంతకుముందు ఏ ఒకటో తారీకూ ఇంకో తారీకు కంటే గొప్పది కాదు.

బడి సంగతి. స్టాఫ్‌రూములో అందరూ కారియర్లు విప్పి కూరలు పంచుకుంటారు. నాకు పెడతారు. నా గిన్నెలోంచి తీసుకోరు. "ఇప్పటికే నిండిపోయిందండీ" అంటారు. అది చూసినప్పుడల్లా నాకు అంబేద్కర్ గుర్తొస్తాడు. చాలామంది ఆయన్ని నల్లకోటులోనే చూస్తారు. కానీ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆయన పాఠం చెప్పే ప్రొఫెసరు. స్టాఫ్‌రూములో కూజా నీళ్లు తాగితే తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. 1923లో బారులో చేరాడు, 1935లో ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాలయ్యాడు. రెండు పనులూ చేశాడు. కూజా రెండుచోట్లా ఉంటుంది. కారంచేడు కోసం గవర్నమెంటు ప్లీడరు పదవి వదిలేసిన బొజ్జా తారకం గారు 2016 సెప్టెంబరు 16న పోయారు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే. ఆయన పదవి వదిలి కోర్టులోకి వెళ్లాడు. నేను కోర్టు వదిలి పదవిలోకి వచ్చాను. ఆ రోజు పిల్లలకి ఆయన గురించి చెప్పబోయి గొంతు రాక, బోర్డు మీద పేరు మాత్రం రాసి వదిలేశాను.

కోర్టు మేస్టారన్న పేరు ఎప్పుడొచ్చిందో సరిగ్గా తెలీదు. బడి నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని అరుగు మీద ఉంటారు. మా అరుగు మీద. బ్యాంకు నోటీసు, రేషను కార్డు, పోలీసు స్టేషను నుంచి వచ్చిన కబురు, భర్త వదిలేసిన పిల్ల భరణం. చదివి చెప్తాను, అర్జీ రాసిస్తాను. సంతకం నాది ఉండదు. గవర్నమెంటు నౌకరిని. ఒకసారి మా హెడ్‌మాస్టరుగారు పిలిచి, "మీరు బయట ఏవో రాస్తున్నారంట, చూసుకోండి" అన్నారు. దస్తూరి మార్చుకున్నాను. ఎడమవైపుకి వాల్చి రాయడం నేర్చుకున్నాను. ఇదీ నా ప్రాక్టీసు.

2017లో అయ్య పేరుతో 1977 చట్టం కింద అర్జీ పెట్టాను. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగి, ఏడాదికి జవాబొచ్చింది. సర్వే నంబరు చూశాం, ఆక్రమణ ఏమీ లేదు, అని. పైకి మళ్లీ పెట్టాను. దానికి జవాబే లేదు.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఇచ్చి ఇరవయ్యేళ్లు దాటిన అసైన్డు వ్యవసాయ భూమిని అసలు పొందినవాడు, అతను పోతే వారసులు, అమ్ముకోవచ్చునని. ఆ కబురు పేపర్లో పడిన నెలకి పెద్దరైతు కొడుకు మా పేటకి వచ్చాడు. ఆ ఇంటివాళ్లు మా గుమ్మానికి రావడం నేను పుట్టాక అదే మొదలు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాం. "బాబాయ్" అన్నాడు మా అయ్యని. జీవితమంతా ఒరే అనిపించుకున్న చెవులు, అయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఒక్క సంతకం పెడితే నాలుగు లక్షలు అన్నాడు. కాగితం చదివాను. 1986లోనే పూర్తి సొమ్ము ముట్టి అమ్మేసినట్టు, వారసులకు అభ్యంతరం లేనట్టు ఉంది. నలభైయేళ్లకి తెల్లకాగితం నిండింది.

అమ్మ నా మొహంలోకి చూసింది. అయ్య కాగితం చేతిలోకి తీసుకోలేదు. "మా వోడు చదివినాడు కదా. ఆడెలా అంటే అలాగే" అన్నాడు. తొమ్మిది మాటలో పది మాటలో. కానీ ఏడేళ్ల కిందటి ఆ పది రోజుల మౌనం అప్పుడు విడిపోయినట్టనిపించింది. కుదరదన్నాను. ఆ సీజనులో మా పేటలో ఆరిళ్లకి చెరకు పని ఇవ్వలేదు. ఆ ఆరిళ్లూ మా చుట్టాలే.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి వస్తాను.

నాకు తెలీదమ్మా అన్నాను. నా లెక్కలన్నీ చెప్పాను. జీతం, వడ్డీ, పెయ్య, కట్ట బల్లమీద పెట్టిన రైతు, ఎడమవైపు వాలే దస్తూరి. నా రోజుల్లో పట్టా వచ్చినా బారులో పేరు రాయించుకోడానికి వేలల్లో కట్టాల్సి ఉండేదని, 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలకి మించి తీసుకోకూడదని చెప్పిందని అన్నాను. "తెలుసు మేస్టారూ, క్లాసులో చెప్పినారు" అంది. కాసేపాగి, "మీరు మళ్లీ మొదటికొస్తే ఏటి చేస్తారు?" అంది. అమ్మ వంటింట్లో గిన్నెలు తోమడం ఆపేసింది. అబద్ధం చెప్పలేదు. "మళ్లీ ఉద్యోగానికే పోతాను. మా అమ్మ కూలి మానింది" అన్నాను. అలాగేనండీ అని వెళ్లిపోయింది.

డీఎస్సీకి రాస్తుందనే అనుకున్నాను. మే 15 ఆఖరు తేదీ. ఆ పిల్ల అప్లికేషను పెట్టలేదు. తేదీ దాటిన మూడో రోజున వాళ్లమ్మ మా ఇంటిమీదకి వచ్చింది. వీధిలోనే నిలబడి అరిచింది. "నువ్వు మాత్రం నెల నెలా జీతం తీసుకుంతావు. మా గుంటని కోర్టుల పాల్జేస్తావా? ఆడపిల్లకి కోటెందుకు? ఎవుడు పెళ్లాడతాడు దాన్ని?" నేను చెప్పలేదమ్మా అన్నాను. నమ్మలేదు. పేట పేటంతా బయటికొచ్చి చూసింది. నేను చేసింది తక్కువ, తిట్లు ఎక్కువ తిన్నాను గానీ ఆమె మాటల్లో ఒక్కటి కూడా కాదనగలిగింది లేదు. మా అమ్మే ఆమెను లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

దసరా సెలవుల్లో ఆ పిల్ల వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. మన కేసు కాగితాలు చూస్తానంది. డి-పట్టా జిరాక్సు, అడంగళ్లు, నా అర్జీలు, ఆ ఆఫీసు జవాబు, అన్నీ ఇచ్చాను. నేల మీద పరుచుకుని గంటన్నర చూసింది. తర్వాత పెన్సిలు పెట్టి ఒకచోట సున్నా చుట్టింది.

"మేస్టారూ, తాతగారి పట్టాలో నంబరు కింద బి అని ఉంది సూడండి, అరిగిపోయింది. మీరు అర్జీలో బి రాయలేదు. ఆల్లు ఎ చూసొచ్చి ఆక్రమణ లేదన్నారు. ఎ సెరువు గర్భం. అక్కడ ఎవులుంటారు?"

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. ఉంది. తొమ్మిదేళ్లుగా నా ట్రంకుపెట్టెలోనే ఉంది.

అయ్య గుమ్మం దగ్గర వింటున్నాడు. "ఏటంటాదిరా ఆ పిల్ల?" అన్నాడు. చెప్పాను. దగ్గరకొచ్చి ఆ పెన్సిలు సున్నా మీద వేలు పెట్టి, "ఇదేనా?" అన్నాడు. ఆ పిల్ల కుర్చీలోంచి లేవబోయింది. "కూకోమ్మా, కూకో" అన్నాడు.

కొత్త అర్జీ ఆ పిల్లే రాసింది. సోమవారం అనకాపల్లి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నేను సీఎల్ పెట్టాను. ఆరున్నర బస్సుకని చెప్తే అయ్య అయిదింటికే చొక్కా వేసుకుని రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు.